సింగపూర్‌లో ఉమ్మడి పార్కింగ్, విద్యుత్ వాహనాల ఛార్జింగ్

పలు కుటుంబాలు కలిసి ఉండే గృహసముదాయాల పార్కింగ్ స్థలాల్లో విద్యుత్ వాహనాలకు ఛార్జర్లు పెట్టి, వాటిని అందరూ వాడుకునేలా నడపడం సింగపూర్‌లో 2017 చివర్లో చిన్నగా మొదలైంది. 2021 తర్వాత అది జాతీయ కార్యక్రమంగా మారింది. ఆ దేశ నివాసుల్లో పదింట ఎనిమిది మంది దాకా ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలో ఉంటారు. మిగిలినవారిలో ఎక్కువమంది ఉండేది ప్రైవేటు గృహసముదాయాలైన కాండోమినియంలలో. సొంత గేటు, సొంత వాకిలి ఉన్న ఇళ్లు చాలా కొద్ది. అందువల్ల ఇక్కడ ఇంటి దగ్గర ఛార్జింగ్ అంటే దాదాపు ఎప్పుడూ నలుగురి స్థలంలో ఛార్జింగే. ఐరోపాలో, అమెరికాలో ఈ సమస్య కొందరిదైతే సింగపూర్‌లో అది దేశమంతటిదీ. అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో ఇదే తగువుతో సతమతమవుతున్న హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వాసులకు ఈ దేశపు అనుభవం పనికొస్తుంది.

ఎవరి పేరిటా లేని చోటు

1960లో ఏర్పడిన హెచ్‌డీబీ దగ్గర ఫ్లాటు కొన్నా కారు నిలిపే చోటు దానితో రాదు. కారున్నవారు నెలనెలా సీజన్ పార్కింగ్ రుసుము కడతారు. మొదటి కారుకు ఆరుబయట 80, కప్పు కింద 110 సింగపూర్ డాలర్లు ప్రాథమిక ధర. ఆ డబ్బుకు దక్కేది ఫలానా కార్‌పార్కులో నిలుపుకునే హక్కు మాత్రమే, ఫలానా గడి కాదు. ఎరుపు గీతల గడులు సీజన్ టికెట్ ఉన్నవారికి, తెల్ల గీతలవి ఎవరికైనా. రాత్రి ఎనిమిదికి వచ్చినవారికి ఏ అంతస్తులో ఖాళీ ఉంటే అదే. చాలా కాండోల్లోనూ పార్కింగ్ ఉమ్మడి ఆస్తే, ముందొచ్చినవారిదే చోటు.

దీని ఫలితం సూటిగా ఉంటుంది. గోడకు సొంత ఛార్జర్ బిగించుకుందామంటే ఏ గోడకు? రేపు ఆ గడిలో ఇంకొకరి కారు ఉంటుంది. ఫ్లాటు మీటరు నుంచి తీగ లాగడమూ కుదరదు. పదిహేనో అంతస్తు నుంచి పక్కనున్న బహుళ అంతస్తుల కార్‌పార్కుకు కేబుల్ దించడం ఒక చిక్కు, ఫ్లాటు కనెక్షన్ మరో చిక్కు. చాలా హెచ్‌డీబీ ఫ్లాట్ల ప్రధాన స్విచ్ సామర్థ్యం సింగిల్ ఫేజ్‌లో 40 ఆంపియర్లు. మామూలు గృహ ఛార్జర్ ఒక్కటే 32 ఆంపియర్లు లాగుతుంది. అది నడుస్తుండగా ఏసీ, గీజరు కలిపి వేస్తే స్విచ్ పడిపోతుంది.

కాబట్టి విడివిడిగా ఎవరి ఏర్పాటు వారు చేసుకునే దారి ఇక్కడ మొదటినుంచీ మూసుకుపోయింది. అది మంచికే జరిగిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కారణాలు ముందుముందు తెలుస్తాయి.

తొలి అడుగులు

2011లో భూరవాణా సంస్థ ఎల్‌టీఏ, ఇంధన మార్కెట్ సంస్థ ఈఎంఏ కలిసి విద్యుత్ వాహనాల ప్రయోగం ప్రారంభించాయి. ఛార్జర్ల బాధ్యత జర్మనీకి చెందిన బాష్ తీసుకుంది. వాహనాలు కొద్ది, వాటిని నడిపినవి ఎక్కువగా సంస్థలు. నివాసాల దాకా ఆ ప్రయోగం పెద్దగా రాలేదు.

ఫ్లాట్ల కిందికి ఛార్జర్‌ను తెచ్చింది కారు అద్దె సేవ. ఫ్రాన్స్‌కు చెందిన బొలొరే సంస్థ అనుబంధ కంపెనీ బ్లూఎస్‌జీ 2016లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని 2017 డిసెంబరులో సేవ మొదలుపెట్టింది. వెయ్యి విద్యుత్ కార్లు, రెండు వేల ఛార్జింగ్ పాయింట్లు లక్ష్యం. ఆ పాయింట్లలో అయిదో వంతు దాకా సొంత విద్యుత్ కార్లున్న ప్రజలకు తెరవాలన్నది ఒప్పందంలోని మంచి షరతు. హెచ్‌డీబీ ప్రాంగణాల్లో ఆ సేవ గడుల పక్కన నిలిచిన స్తంభాలే చాలామంది సింగపూర్ వాసులు చూసిన మొదటి ఛార్జర్లు. 2021లో కార్ల సేవ గోల్డ్‌బెల్ అనే స్థానిక సంస్థ చేతికి, ఛార్జర్లు టోటల్ ఎనర్జీస్ చేతికి వెళ్లాయి. 2025 ఆగస్టులో బ్లూఎస్‌జీ తన సేవను ఆపేసింది. వ్యాపారం నిలవకపోయినా, నివాసాల మధ్య ఛార్జర్‌ను రోజంతా పదిమంది వాడుకోగలరని అది చూపించింది.

ప్రభుత్వ విధానం 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో మలుపు తిరిగింది. 2040 నాటికి పెట్రోలు, డీజిలు వాహనాలను పూర్తిగా తప్పించాలని, అప్పటికి సుమారు 1,600 ఉన్న ఛార్జింగ్ పాయింట్లను 2030కి 28 వేలకు పెంచాలని ప్రకటించారు. ఏడాది తిరిగేసరికి, 2021 ఫిబ్రవరిలో వచ్చిన హరిత ప్రణాళిక 2030 ఆ సంఖ్యను 60 వేలకు చేర్చింది. అందులో 40 వేలు ప్రభుత్వ కార్‌పార్కుల్లో, 20 వేలు ప్రైవేటు ప్రాంగణాల్లో. కొత్త డీజిలు కార్లు, టాక్సీల రిజిస్ట్రేషన్ 2025 నుంచి ఆగిపోయింది. 2030 నుంచి రిజిస్టరయ్యే ప్రతి కొత్త కారూ స్వచ్ఛ ఇంధనంతో నడిచేదై ఉండాలి. చిన్న వాహనాలన్నీ విద్యుత్‌కు మారితే ఏటా 15 నుంచి 20 లక్షల టన్నుల కర్బన ఉద్గారాలు తగ్గుతాయని, అది దేశపు మొత్తంలో సుమారు 4 శాతమని ప్రభుత్వ అంచనా.

కొనేవారూ కదిలారు. కొత్తగా రిజిస్టరయిన కార్లలో విద్యుత్ కార్ల వాటా 2021లో 4 శాతం లోపే. 2023లో అది దాదాపు 18 శాతం, 2024లో మూడో వంతు. కార్ల మొత్తం సంఖ్య పెరగకుండా 2018 నుంచి కట్టడి ఉన్న దేశం ఇది. ఇక్కడ విద్యుత్ కారు వచ్చిందంటే దాదాపుగా ఒక పాత పెట్రోలు కారు వెళ్లిపోయినట్లే.

హెచ్‌డీబీ కార్‌పార్కుల్లో

2021లో రెండు వందలకు పైగా ప్రభుత్వ కార్‌పార్కుల్లో ఆరు వందలకు పైగా పాయింట్లు పెట్టేందుకు ప్రయోగాత్మక టెండరు ఇచ్చారు. ఆ తర్వాత ఎల్‌టీఏ పూర్తి యాజమాన్యంలో ఈవీ-ఎలక్ట్రిక్ ఛార్జింగ్ అనే కంపెనీ ఏర్పడింది. దాన్ని పొట్టిగా ఈవీఈ అంటారు. దాదాపు రెండు వేల హెచ్‌డీబీ కార్‌పార్కుల్లో సుమారు 12 వేల పాయింట్లు పెట్టించే పని 2022లో దాని చేతికొచ్చింది. ప్రతి హెచ్‌డీబీ పట్టణమూ 2025 నాటికి ఛార్జింగ్‌కు సిద్ధం కావాలన్నది లక్ష్యం. ఒక్కో కార్‌పార్కుకు కనీసం మూడు పాయింట్లు.

ఇందులో గమనించాల్సింది పని పంపకం. ఛార్జర్ కొనడం, బిగించడం, నడపడం, డబ్బు వసూలు చేయడం టెండరు గెలిచిన ప్రైవేటు సంస్థల పని. సబ్‌స్టేషన్ నుంచి కార్‌పార్కు దాకా కరెంటు సామర్థ్యం పెంచే మౌలిక వ్యవస్థను ప్రభుత్వ పక్షం చూసుకుంటుంది. ఈ పంపకమే మొత్తం కార్యక్రమానికి వెన్నెముక. ఛార్జర్ పదేళ్లలో పాతబడుతుంది, దాన్ని నడిపే సంస్థ మారిపోవచ్చు. భూమిలో వేసిన కేబులు, ప్యానెల్ బోర్డు ముప్ఫై, నలభై ఏళ్లు ఉంటాయి. ఎక్కువ కాలం ఉండేవాటిని సమాజం చేతిలోనే ఉంచి, తొందరగా మారేవాటిని పోటీకి వదలడం తెలివైన నిర్ణయం.

పాత కార్‌పార్కులు కట్టినప్పుడు వాటి కరెంటు లెక్క దీపాలకు, లిఫ్టుకు, పంపులకు సరిపడా వేశారు. ఆ మిగులులో పెద్ద ఛార్జర్లు ఇమడవు. అందుకే హెచ్‌డీబీల్లో ఎక్కువగా కనిపించేవి 7.4 కిలోవాట్ల నెమ్మది ఛార్జర్లు. అక్కడక్కడా 11, 22 కిలోవాట్లవీ ఉన్నాయి. వేగవంతమైన డీసీ ఛార్జర్లు చాలావరకు పెట్రోలు బంకుల్లో, మాల్స్‌లో, టాక్సీలు, డెలివరీ వ్యాన్లు తిరిగే చోట్ల ఉంటాయి.

రాత్రికి ఎంత కరెంటు చాలు

నెమ్మది ఛార్జర్ అనగానే కొత్తవారికి నిరుత్సాహం కలుగుతుంది. లెక్క వేస్తే ఆ నిరుత్సాహానికి ఆధారం లేదు. సింగపూర్ కారు ఏడాదికి సగటున సుమారు 17 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. అంటే రోజుకు 46, 47. మామూలు విద్యుత్ కారు వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు ఖర్చు చేస్తుందనుకుంటే రోజుకు ఏడు యూనిట్లు చాలు. 230 వోల్టుల దగ్గర 32 ఆంపియర్లు అంటే 7.4 కిలోవాట్లు. రోజు అవసరం గంటలో తీరిపోతుంది. వారానికి ఒక్కసారే పెట్టేవారికి 50 యూనిట్లు కావాలి. అది ఒక రాత్రి పని. రాత్రికొక కారు చొప్పున ఒక్క పాయింటు వారంలో ఏడు కార్లను చూసుకోగలదు. సెలవులు, ఆలస్యాలు, మరమ్మతులు పోగా అయిదు కార్లకు ఒక పాయింటు అనుకోవడం న్యాయమైన లెక్క.

అయిదు కార్లకు ఒకటి చొప్పున మూడు పాయింట్లు పదిహేను కార్లకు సరిపోతాయి. కొన్ని వందల గడులున్న కార్‌పార్కులో కొత్త కార్లలో మూడో వంతుకు పైగా విద్యుత్‌వే అవుతున్న కాలంలో మూడు పాయింట్లు ఆరంభం మాత్రమే. అక్కడినుంచి ముందుకు పోవాలంటే ఛార్జర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఇరవై ఛార్జర్లు ఒకేసారి పూర్తి స్థాయిలో పనిచేస్తే 148 కిలోవాట్లు కావాలి. కానీ సాయంత్రం ఏడింటికి తగిలించిన ఇరవై కార్లకూ తెల్లవారేదాకా సమయం ఉంది. లిఫ్టులు, వంటిళ్లు, ఏసీలు జోరుగా నడిచే వేళ ఛార్జర్లకు తక్కువ ఇచ్చి, అర్ధరాత్రి దాటాక ఎక్కువ ఇచ్చే లోడ్ మేనేజ్‌మెంట్ ఉంటే అందులో సగానికంటే తక్కువ సామర్థ్యంతో అందరి పనీ అవుతుంది. ఈ నియంత్రణ అందరి ఛార్జర్లూ ఒకే ప్యానెల్ కింద ఉన్నప్పుడే సాధ్యం. ఎవరికి వారు తీగ లాగుకున్న చోట ఎవరి ఛార్జర్ ఎప్పుడు ఎంత లాగుతుందో భవనానికి తెలియదు.

కాండోమినియంలు: కరెంటు కంటే ముందు ఓటు

కాండోల్లో చిక్కు వేరు. అక్కడ నిర్ణయం యజమానుల సంఘానిది. ఎంసీఎస్‌టీ అని పిలిచే ఈ సంఘం 2004 నాటి భవన నిర్వహణ చట్టం కింద పనిచేస్తుంది. ఉమ్మడి స్థలంలో కొంత భాగాన్ని ఎవరికైనా ప్రత్యేకంగా, ఎక్కువ కాలానికి ఇవ్వాలంటే ఆ చట్టం గట్టి మెజారిటీ అడుగుతుంది. కొన్నిటికి 75 శాతం, మూడేళ్లు దాటిన ప్రత్యేక వినియోగానికి 90 శాతం ఓట్లు కావాలి. ఉమ్మడి ఆస్తిని ఎవరూ కబ్జా చేయకుండా పెట్టిన మంచి నిబంధనే ఇది. ఛార్జర్ల విషయంలో మాత్రం అదే అడ్డుగోడ అయింది. పెట్టుబడి తనదే పెట్టి ఛార్జర్లు అమర్చుతానని వచ్చే కంపెనీకి మూడేళ్ల ఒప్పందం చాలదు. పెట్టింది తిరిగి రావాలంటే అంతకంటే ఎక్కువ కాలం కావాలి. వార్షిక సమావేశానికి సగం మంది కూడా రాని కాండోల్లో 90 శాతం మద్దతు కూడగట్టడం ఎంత కష్టమో తెలుగునాట ఏ అపార్ట్‌మెంట్ కార్యదర్శిని అడిగినా చెబుతారు.

2022 నవంబరు 30న పార్లమెంటు ఆమోదించిన విద్యుత్ వాహనాల ఛార్జింగ్ చట్టం ఈ గోడను దించింది. ఛార్జర్ల ఏర్పాటుకు సంబంధించిన తీర్మానాలకు సాధారణ మెజారిటీ చాలని చెప్పింది. చట్టం 2023 డిసెంబరు 8 నుంచి అమల్లో ఉంది. ఈ ఒక్క మార్పు ఏ సబ్సిడీ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. సగానికి పైగా ఒప్పుకున్న పనిని పది శాతం మంది ఆపలేరు. అదే సమయంలో, సగం మంది వద్దన్న చోట ఒక్కరు పట్టుబట్టి తమ పని జరిపించుకోనూలేరు.

డబ్బు సాయమూ ఉంది. 2021 జులైలో మొదలైన ఉమ్మడి ఛార్జర్ గ్రాంటు కింద ప్రైవేటు గృహసముదాయాల్లో మొదటి రెండు వేల ఛార్జర్లకు ఖర్చులో సగం, ఒక్కోదానికి గరిష్ఠంగా 4 వేల సింగపూర్ డాలర్ల దాకా ప్రభుత్వం భరించింది. ఛార్జర్ ధర, కేబులు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ రుసుము దాని కిందికి వచ్చాయి. ఆ ఛార్జర్ నివాసులందరికీ అందుబాటులో ఉండాలన్నది ప్రధాన షరతు. తర్వాత గడువును పొడిగించారు.

సంఘాల ముందు రెండు పద్ధతులున్నాయి. సంఘమే నిధుల్లోంచి కొని, వాడినవారి దగ్గర వసూలు చేసుకోవడం ఒకటి. కంపెనీయే తన ఖర్చుతో పెట్టి, సంఘానికి కరెంటు ఖర్చు తిరిగిచ్చి, యాప్‌లో వాడకందార్ల నుంచి రాబట్టుకోవడం మరొకటి. రెండో దారిలో విద్యుత్ కారు లేని యజమాని జేబులోంచి పైసా పోదు. అందుకే సమావేశాల్లో అది తొందరగా నెగ్గుతుంది. మొదటిదానిలో ధర మీద సంఘానికి పట్టు ఉంటుంది.

సింగపూర్‌లో ఉద్యోగాలు చేసుకునే తెలుగువారిలో అద్దెకుండేవారు ఎందరో. కాండోల్లో అద్దెకు దిగినవారికి ఒక విషయం తెలిసి ఉండాలి. ఎంసీఎస్‌టీ సమావేశంలో ఓటు యజమానిది, అద్దెదారుది కాదు. విద్యుత్ కారున్న అద్దెదారు చేయగలిగింది యజమానిని ఒప్పించి ఓటు వేయించడం, లేదా ఆయన తరఫున ప్రాక్సీగా వెళ్లడం.

కొత్త భవనాలు, భద్రత

అదే చట్టం ప్రకారం కొత్తగా కట్టే, లేదా పెద్ద మరమ్మతులు చేసే కార్‌పార్కు భవనాల్లో కనీసం ఒక శాతం గడులకు ఛార్జర్లు ఉండాలి. కనీసం 15 శాతం గడులకు ఛార్జర్లు నడిచేంత విద్యుత్ సామర్థ్యం ముందే కేటాయించి ఉంచాలి. ఈ రెండో నియమం విలువ ఎక్కువ. గోడలు లేచాక ట్రాన్స్‌ఫార్మర్ గది పెంచడం, కేబుల్ దారులు తొలచడం ఎంత ఖరీదో బిల్డర్లకు తెలుసు.

ఛార్జర్లకు సింగపూర్ పాటించే సాంకేతిక ప్రమాణం టీఆర్ 25. 2016 కూర్పు స్థానంలో 2022లో కొత్తది వచ్చింది. స్థిరంగా బిగించే ప్రతి ఛార్జర్ రకానికీ ఎల్‌టీఏ ఆమోదం ఉండాలి, వాడకానికి ముందు రిజిస్టర్ చేయాలి, అమరిక లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతులమీదుగా జరగాలి. ఛార్జింగ్ సేవ అమ్మే సంస్థకు లైసెన్సు కావాలి. ఏసీ ఛార్జింగ్‌కు టైప్ 2, డీసీ ఛార్జింగ్‌కు సీసీఎస్ 2 ప్లగ్గు ఎక్కువ వాడుకలో ఉన్నాయి.

నేలమాళిగలో మంటల భయం ప్రతి సమావేశంలోనూ వినిపిస్తుంది. దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో 2024 ఆగస్టు 1న ఒక అపార్ట్‌మెంట్ నేలమాళిగలో విద్యుత్ కారు అంటుకుని, పదుల కార్లు కాలిపోయి, వందల కార్లు పొగకు దెబ్బతిన్నాయి. ఆ భయం నిరాధారం కాదు. అయితే ఆ కారు అప్పుడు ఛార్జింగ్‌లో లేదు, నిలిపి ఉంచారు. స్ప్రింక్లర్ల వాల్వును సిబ్బంది ఆపేశారని తర్వాత తేలింది. ఛార్జర్‌ను వద్దనడం ఆ ప్రమాదాన్ని ఆపేది కాదు, పనిచేసే స్ప్రింక్లర్లు ఆ నష్టాన్ని చాలా తగ్గించేవి. సంఘాలు గట్టిగా అడగాల్సింది వాటి తనిఖీ గురించి.

పంచుకోవడంలో చిక్కులు

ఉమ్మడి ఛార్జర్‌కు సొంత సమస్యలున్నాయి. మొదటిది ధర. ఇంటి కరెంటు యూనిట్ సుమారు 30 సెంట్లయితే ఉమ్మడి ఛార్జర్ దగ్గర దాదాపు రెట్టింపు పడుతుంది. కేబులు, నిర్వహణ, యాప్, కంపెనీ లాభం అందులోనే. సొంత వాకిలి ఉన్న సంపన్నుడికి చౌకగా, హెచ్‌డీబీలో ఉన్న మధ్యతరగతి మనిషికి ఖరీదుగా కరెంటు అందడం న్యాయం కాదు. ఈ తేడాను తగ్గించడం సింగపూర్ ఇంకా పూర్తిచేయని పని.

రెండోది, నిండాక కదలని కారు. రాత్రి పదికి పెట్టి, ఒంటిగంటకు నిండి, పొద్దున ఎనిమిదిదాకా అక్కడే ఉంటే పాయింటు ఏడు గంటలు వృథా. కొన్ని సంస్థలు గడువు దాటితే నిమిషానికింత అని అదనపు రుసుము వేస్తాయి. పగలు అది సబబే. నడిరాత్రి లేచి కారు జరపమనడం మాత్రం ఎవరికీ కుదరదు. నిద్రవేళల్లో ఈ రుసుము ఎత్తేసి, పాయింట్లు పెంచడమే సరైన పరిష్కారం.

బయటి దేశాలు, తెలుగు నగరాలు

చాలా దేశాలు వ్యక్తి హక్కు వైపు నడిచాయి. ఫ్రాన్స్ చట్టం ‘ప్లగ్గు హక్కు’ ఇచ్చింది. కాలిఫోర్నియా 2012లో సంఘాలు అన్యాయంగా అడ్డుపడకుండా కట్టడి చేసింది. జర్మనీలో 2020 డిసెంబరు 1 నుంచి ఫ్లాటు యజమాని ఛార్జింగ్ ఏర్పాటుకు అనుమతి కోరే హక్కు పొందాడు. ఎవరి పార్కింగ్ వారికున్న చోట ఇది సహజం. పార్కింగే ఉమ్మడి అయిన సింగపూర్‌కు ఆ దారి సరిపడదు, అది పట్టిన దారి వేరు.

మన నగరాలు ఈ రెండింటికీ మధ్యలో ఉన్నాయి. స్టిల్ట్ పార్కింగ్‌ను బిల్డర్ విడిగా అమ్మలేడని, అది ఉమ్మడి భాగమేనని 2010లో మహారాష్ట్ర నుంచి వచ్చిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వాడుకలో ప్రతి ఫ్లాటుకూ ఒక గడి కేటాయించే ఉంటుంది. భవన నిబంధనల నమూనాను కేంద్రం 2019 ఫిబ్రవరిలో సవరించి, పార్కింగ్‌లో 20 శాతం ఛార్జింగ్‌కు సిద్ధంగా ఉండాలంది. ఇంటి కనెక్షన్‌తోనే కారు ఛార్జ్ చేసుకోవచ్చని 2022 జనవరి మార్గదర్శకాలు చెప్పాయి. తెలంగాణ 2024 నవంబరు నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేసింది. ఈ ప్రోత్సాహాలతో కొన్న కార్లన్నీ చివరికి చేరేది అపార్ట్‌మెంట్ సెల్లార్లకే. అక్కడ ఒక్కొక్కరు తమ మీటరు నుంచి ఒక్కో తీగ లాగుతున్నారు. మొదటి నలుగురికి అది నడుస్తుంది. పదో మనిషి వచ్చేసరికి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం అయిపోతుంది, ఆయనకు సంఘం వద్దంటుంది, తగువు మొదలవుతుంది.

మన సంఘాలు ఛార్జర్ల గురించి చర్చించే ముందు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) నుంచి భవనానికి ఎంత లోడు మంజూరైందో, అందులో ఎంత మిగులు ఉందో తెలుసుకోవాలి. ఆ తర్వాత ఉమ్మడి ఖర్చుతో ఒక ప్యానెల్, ఎర్తింగ్, కేబుల్ దారి, ప్రతి ఛార్జర్‌కూ సబ్‌మీటరు ఏర్పాటు చేసుకోవాలి. ఛార్జర్ ఎవరిది వారు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. విద్యుత్ కారు ఉన్నవారు ఇద్దరో ముగ్గురో ఉన్న ఈ దశలోనే ఈ తీర్మానం చేసుకోండి. ఇరవై మంది అయ్యాక ఖర్చూ పెరుగుతుంది, పట్టుదలలూ పెరుగుతాయి.